మీలోస్ రాళ్ళూ, నా అనుమానమూ

మా వీధి చివర ఉండే కావ్య ఈమధ్య ఒక మ్యూజియం ల్యాబ్‌లో చేరింది. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, "ఆంటీ, మీరు సేమ్ జాబ్ చేసారంట కదా! నాకు కొన్ని టిప్స్ చెప్పు, ప్లీజ్" అంది. ఇక్కడే, మిషిగన్‌లోని నోవైలో పుట్టి పెరిగిన పిల్ల, మీరూ నువ్వూ కలిపేస్తుంది. దానికి నాకేం పట్టింపు లేదు. టిప్స్ అన్న మాటకే కాస్త ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి చేసిన పనిని టీ చల్లారేలోపు చెప్పేయమంటే ఎలా? ఆ పిల్లని పంపించేసి, కోపం తగ్గాక, ఇలా రాయడానికి కూర్చున్నాను.

ప్రమోషన్లు, ఫారాలు, ఫేర్‌వెల్ పార్టీలు ఇందులో ఉండవు. ఒక పెట్టె గురించి ఉంటుంది. ఆ పెట్టె మూలంగా నేనొక మంచిమనిషి ఉద్యోగం పోగొట్టాను. అది చెప్పకుండా మిగతావి ఎన్ని చెప్పినా కావ్యకి ఉపయోగం లేదు.

రాళ్ళు చూసే ఉద్యోగం

విశాఖలో జియాలజీ చదివి, పెళ్ళయ్యాక 1977లో మిషిగన్ వచ్చాను. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. రాళ్ళు చదివిన అమ్మాయికి ఈ మంచులో పనేం దొరుకుతుందని అందరూ పెదవి విరిచారు. ఒక యూనివర్సిటీ మ్యూజియం వాళ్ళు మైక్రోస్కోపులో రాళ్ళు గుర్తుపట్టే మనిషి కావాలని పేపర్లో వేశారు. వెళ్ళాను, తీసుకున్నారు. మ్యూజియంలో పని అంటే మన తెలుగువాళ్ళు తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో "టికెట్లు చింపుతావామ్మా?" అని అడిగేవారు. కొన్నాళ్ళు వివరంగా చెప్పి, తరవాత విసుగుపుట్టి అవునండీ అని ఊరుకున్నాను.

ప్రాచీన గ్రీసు అనగానే ఎవరికైనా పాలరాతి స్తంభాలు, గడ్డాల తత్వవేత్తలు గుర్తొస్తారు. నా పని వాళ్ళందరికీ వేల ఏళ్ళ ముందటిది. అప్పటికి రాత లేదు, రాజుల పేర్లు లేవు. ఉన్నవి కుండపెంకులు, రాతి ముక్కలు, ఎముకలు. ఆ దేశం పటం చూస్తే నేల కంటే సముద్రమే ఎక్కువ కనిపిస్తుంది. కొండలు అడ్డం పడి పక్క ఊరికి నడిచి వెళ్ళడం కష్టం, పడవలో వెళ్ళడం సులువు. అందుకని ఒక ద్వీపం మట్టితో చేసిన కుండ ఇంకో తీరాన దొరుకుతుంది. పెంకులోంచి కాగితం కంటే పల్చటి బిళ్ళ కోసి మైక్రోస్కోపు కింద పెడితే, అది అగ్నిపర్వతపు ద్వీపం మట్టో, సున్నపురాతి కొండ మట్టో చెప్పొచ్చు. ఎవరు ఎక్కడికి వెళ్ళారో అలా తెలుస్తుంది. ఇంత పెద్ద ప్రశ్నకి ఇంత చిన్న ముక్క జవాబు చెప్తుందంటే నాకు మొదట్లో ఒళ్ళు పులకరించేది.

హెరాల్డ్

మా ల్యాబ్ అధిపతి పేరు హెరాల్డ్. పొడుగ్గా, వంగిపోయినట్టు ఉండేవాడు. ఎవరేం చెప్పినా "నీకెలా తెలుసు?" అనేవాడు. బయట మంచు పడుతోందని చెప్పినా అదే అడిగేవాడు. లేబుల్ మీద రాసింది అసలు నమ్మనిచ్చేవాడు కాదు. లేబుల్ రాసింది మనిషే కదా, మనిషికి మతిమరుపూ ఉంటుంది, ఆశా ఉంటుంది అనేవాడు.

చేరిన కొత్తల్లో నా దగ్గరికి ఒక చిన్న పాలరాతి గిన్నె వచ్చింది. ఎక్కడో ద్వీపాల్లో దొరికిందని అన్నారు. మా చదువులో రాయి చేతికి రాగానే కడగాలి. కడిగితేనే గింజలు కనిపిస్తాయి. అలవాటు ప్రకారం బ్రష్షు పెట్టి శుభ్రంగా రుద్ది, తళతళలాడించి పట్టుకెళ్ళాను. హెరాల్డ్ మొహం పాలిపోయింది.

"దాని మీద ఒక పొర ఉండాలి. ఏమైంది?"

"మురికి. కడిగేశాను."

"ఆ మురికే మన సాక్షి, విశా. నువ్వు సాక్షికి స్నానం చేయించి పంపేశావు."

మట్టిలో వేల ఏళ్ళు ఉన్న రాయి మీద సున్నపు పొర పేరుకుంటుంది. వేళ్ళు పాకిన జాడలుంటాయి. ఆ పొర ఉంటేనే అది నిజంగా నేలలోంచి వచ్చిందని చెప్పగలం. ఆ గిన్నె అసలుదో నకిలీదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, తెలిసే దారి నేనే మూసేశాను. సిగ్గుతో రెండు రోజులు అన్నం సహించలేదు.

తరవాత ఏడాది ఒక దాత చేతులు కట్టుకున్న పాలరాతి బొమ్మని తెచ్చాడు. చదునైన మొహం, ఒక్క ముక్కు తప్ప కళ్ళూ నోరూ లేవు. గ్రీకు ద్వీపాల్లో కంచుయుగం మొదట్లో అలాంటివి చేసేవారు. ఈసారి పొరని ముట్టుకోకుండా, దూదికి గోరువెచ్చటి నీళ్ళద్ది ఒక మూల ఆనించాను. పొర కరిగి దూదికి అంటుకుంది. సున్నపు పొర నీళ్ళకి కరగదు. కరిగింది జిగురూ, అందులో కలిపిన మట్టీ. దాత మండిపడి బొమ్మని తీసుకుపోయాడు. క్యూరేటర్ మార్గరెట్ నన్ను మీటింగ్‌లో అందరి ముందూ మెచ్చుకుంది. ఆ రోజుతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

అక్కణ్ణించి అన్నీ అనుమానించడం మొదలుపెట్టాను. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు కొన్నా రంగు వేశారేమోనని నీళ్ళలో వేసి చూసేదాన్ని. మా ఆయన ఆఫీస్ నుంచి అరగంట లేటుగా వస్తే ట్రాఫిక్ ఏ రోడ్డు మీద అని అడిగేదాన్ని. "నేను కుండపెంకుని కాదు విశాలా, మొగుణ్ణి" అనేవాడు పాపం.

చెప్పకుండా పెట్టే పరీక్ష

హెరాల్డ్‌కి ఒక పద్ధతి ఉండేది. నాకు ఇచ్చే ముక్కల్లో, నాకు తెలియకుండా, జవాబు తనకి ముందే తెలిసిన ముక్క ఒకటి కలిపేవాడు. నేను దాన్ని సరిగ్గా గుర్తుపడితే ఆ విడతంతా నమ్మొచ్చు. తప్పు చెప్తే అంతా మళ్ళీ మొదటినుంచి. మంచి పద్ధతే, ఇప్పటికీ మంచిదే అంటాను. పని అయ్యాక నవ్వుతూ వచ్చి, ఫలానాది నాది అని తీసేసుకునేవాడు.

ఒకసారి నా నోటి దూల కొద్దీ, "మీరు కలిపిన సంగతి నాకు ముందే తెలిసిపోతోంది, హెరాల్డ్. జాబితా కంటే ముక్కలు ఒకటి ఎక్కువ ఉంటాయి కదా" అన్నాను. ఆయన నవ్వలేదు. ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మాట నేను ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

స్టావ్రోస్

మ్యూజియం బేస్‌మెంట్‌లో స్టోర్‌రూమ్ చూసే ఆయన పేరు స్టావ్రోస్. గ్రీసులో పుట్టి, యువకుడిగా ఉన్నప్పుడే డెట్రాయిట్ వచ్చాడు. అప్పటికి యాభై దాటి ఉంటాయి. ఎవరు ఏ వస్తువు పట్టుకెళ్ళినా పసుపుపచ్చ చీటీ రాసి సంతకం పెట్టించుకునేవాడు. డైరెక్టరైనా సరే, సంతకం పెడితేనే డ్రాయర్ తెరిచేవాడు.

మధ్యాహ్నం మేమిద్దరం కిందే భోంచేసేవాళ్ళం. పైన కెఫెటేరియాలో సాండ్‌విచ్‌లు ఇద్దరికీ గొంతు దిగేవి కావు. ఆయన ఆలివ్ నూనె పోసిన పప్పు తెచ్చుకునేవాడు, నేను పప్పన్నం, ఆవకాయ. ఒకరి డబ్బాలోది ఒకరం తినేవాళ్ళం. ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే, "ఇంకొంచెం వెయ్యి" అనేవాడు. పాత వస్తువులు చూసి ఒక్కోసారి, "ఇవి ఇక్కడ చలికి వణుకుతున్నాయి, విశా. ఇంటికి పంపేస్తే బాగుండు" అనేవాడు. నాలుగేళ్ళు అలా కలిసి తిన్నాం. ఆయన కూతురి పేరేంటో, మోకాలు ఏ చలికి నొప్పిపెడుతుందో అన్నీ నాకు తెలుసు.

పదకొండు ముక్కల పెట్టె

1982లో దక్షిణ గ్రీసు తీరంలోని ఒక గుహ నుంచి పెట్టె వచ్చింది. పరీక్ష చేసి తిరిగి ఇచ్చేయాలన్న షరతు మీద అక్కడి ప్రభుత్వం పంపించింది. అందులో అబ్సిడియన్ ముక్కలు పదకొండు. అబ్సిడియన్ అంటే అగ్నిపర్వతంలో పుట్టిన నల్లటి గాజు. చెక్కితే గడ్డం గీసుకునేంత పదునుగా పెచ్చు వస్తుంది. ప్రతి కొండ గాజులోనూ కొన్ని మూలకాలు ఆ కొండకే ప్రత్యేకమైన పాళ్ళలో ఉంటాయి. ఎక్స్‌రే యంత్రంలో పెడితే ముక్క పాడవకుండానే అది ఏ కొండదో తెలుస్తుంది.

గ్రీసులో ఇలాంటి గాజు ఎక్కువగా మీలోస్ అనే ద్వీపంలో దొరుకుతుంది. ఆ గుహలో అడుగు పొరలు వ్యవసాయం పుట్టకముందువి. అప్పట్లో సముద్రం ఇప్పటికంటే బాగా కిందికి ఉండేది, చాలా ద్వీపాలు ఒకదానికొకటి కలిసిపోయి ఉండేవి. కానీ మీలోస్ అప్పుడు కూడా నీళ్ళ మధ్యే ఉంది. కాబట్టి అడుగు పొర ముక్కలు మీలోస్‌వే అయితే, గోధుమ గింజ నాటడం తెలియని మనుషులకి పడవ నడపడం తెలుసన్నమాట. పదకొండులో మూడు అడుగు పొరవి. అందరి కళ్ళూ ఆ మూడింటి మీదే ఉన్నాయి.

పెట్టె నా చేతికొచ్చిన వారంలోనే హెరాల్డ్‌కి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. రెండు నెలలకి పోయాడు. ఆస్పత్రికి వెళ్ళి చూసినప్పుడు నా వైపు చూసి ఏదో చెప్పబోయాడు. నన్ను చూసిన బాధ అనుకున్నాను.

నేను లెక్క చూసుకున్నాను. పదకొండూ ఉన్నాయి, ఒక్కటీ ఎక్కువ లేదు. యంత్రంలో పెట్టాను. ఎనిమిది మీలోస్‌వి. అడుగు పొరవి మూడూ గ్రీసువి కానే కావు. అమెరికాలో, ఆరెగాన్ కొండలవి.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. పదివేల ఏళ్ళ నాటి గుహలో ఆరెగాన్ రాయి ఎలా ఉంటుంది? ఎవరో అసలువి తీసేసి, ఇక్కడి రాయితో చెక్కిన ముక్కలు పెట్టారు. పైగా వాటి మీద సిరాతో అవే నంబర్లు వేశారు. భూతద్దంలో చూస్తే ఏడు అంకె నడుముకి అడ్డగీత ఉంది. అమెరికన్లు ఏడుకి అడ్డగీత పెట్టరు, యూరప్ వాళ్ళు పెడతారు. బేస్‌మెంట్ చీటీల మీద ఏడు అంకె నేను నాలుగేళ్ళుగా చూస్తున్నాను. స్టావ్రోస్ అడ్డగీత పెడతాడు.

ఇంటికి పంపేస్తే బాగుండు అన్న మాట గుర్తొచ్చింది. తాళాలు ఆయన దగ్గరే ఉంటాయని గుర్తొచ్చింది. అనుమానం ఒకసారి దారి పట్టాక కనిపించినవన్నీ సాక్ష్యాలే.

మార్గరెట్ గదిలో తలుపులు వేసుకుని మాట్లాడుకున్నాం.

"చీటీలు చూశావా?" అంది.

"ఆ చీటీలు రాసేదీ ఆయనే, దాచేదీ ఆయనే. వాటిని ఎలా నమ్ముతాం?" అన్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. హెరాల్డ్ ఉంటే మెచ్చుకునేవాడనుకున్నాను.

"అతన్ని అడుగుదామా?"

"అడిగితే జాగ్రత్తపడతాడు."

మార్గరెట్‌కి అసలు భయం వేరే. సంగతి బయటికి పొక్కితే గ్రీసు వాళ్ళు ఇంకెప్పుడూ ఏమీ పంపరు. అందుకని గుట్టుగా కానిచ్చారు. నా రిపోర్టులో ఎవరి పేరూ రాయలేదు. "స్టోర్‌రూమ్ తాళాలు ఒక్కరి దగ్గరే ఉంటాయి" అని మాత్రం రాశాను. ఆ ముక్క రాయమని నన్నెవరూ అడగలేదు. నెల తిరక్కుండా స్టావ్రోస్ పోస్టు రద్దయిందని కాగితం ఇచ్చారు, బడ్జెట్ లేదన్నారు. గ్రీసుకి ఎనిమిది ముక్కలు తిప్పిపంపి, మూడూ పరీక్షలో పొడి అయిపోయాయని రాశారు. అది అబద్ధమని నాకు తెలుసు, నోరు మూసుకున్నాను.

ఆఖరి రోజు స్టావ్రోస్ కిందకి రమ్మని కబురు పెట్టాడు. పని ఉందని వెళ్ళలేదు.

ఫిల్మ్ డబ్బా

1986 వేసవిలో ల్యాబ్‌కి రంగులు వేస్తున్నారని హెరాల్డ్ బీరువా ఖాళీ చేయమన్నారు. కింది అరలో కెమెరా రీలు పెట్టుకునే చిన్న ఫిల్మ్ డబ్బా. మూత తీస్తే దూది. దూదిలో మూడు నల్లటి ముక్కలు. చుట్టూ చుట్టిన కాగితం మీద హెరాల్డ్ చేతిరాత: "విశా పరీక్ష కోసం తీసినవి. అయ్యాక తిరిగి పెట్టాలి."

ముక్క ఎక్కువైతే నేను పసిగట్టేస్తున్నానని, ఆయన ఈసారి మూడు అసలువి బయటికి తీసి, తను చెక్కించిన మూడు లోపల పెట్టాడు. లెక్క సరిపోవాలి కదా. నంబర్లు అచ్చం పాత వాటిలా దించాడు, గ్రీసులో వేసిన ఏడు అడ్డగీతతో సహా. నేను తెలివి ప్రదర్శించుకున్న ఆ ఒక్క మాటకి ఆయన వేసిన పై ఎత్తు అది. నేను పరీక్ష పాసయ్యాను. మూడూ పరాయివేనని సరిగ్గా చెప్పాను. చెప్పవలసిన మనిషికి నోరు లేకుండా పోయింది.

ముక్కల్ని మళ్ళీ దూదిలో చుట్టి పెట్టాను.

తరవాత నేను చేసినవి ముందే చెప్పేస్తాను, అవి చిన్న విషయాలు. మూడు ముక్కలనీ యంత్రంలో పెట్టాను. మీలోస్‌వే. ఆ గుహవాళ్ళు నిజంగానే పడవ కట్టి వెళ్ళారు. మార్గరెట్ దగ్గరికి పట్టుకెళ్తే, "పొడి అయిపోయాయని రాశాం కదా, ఇప్పుడెలా బతికొస్తాయి?" అంది. స్టావ్రోస్ సంగతి ఎత్తితే, "అతని మీద మనం ఏ ఆరోపణా చెయ్యలేదు. చెయ్యనిది వెనక్కి ఎలా తీసుకుంటాం?" అంది. ఆమెని ఏమనను? పేరు లేకుండా రాసింది నేనే. చివరికి, మీరు పంపకపోతే నేనే ఉత్తరం రాస్తానని మొండికేశాను. ముక్కలు గ్రీసుకి వెళ్ళాయి. పెట్టె ఫైల్లో జరిగినదంతా ఒక పేజీ రాసి, ఈసారి పేర్లతో సహా, నా సంతకం పెట్టాను. ఎవరు ఆ ఫైల్ తెరిచినా ముందు అదే కనిపిస్తుంది.

కావ్యా, నీకు టిప్ కావాలంటే ఇదొక్కటే చెప్పగలను. రాయిని ఎంతైనా అనుమానించు, దానికి నొప్పి లేదు. మనిషి మీద అనుమానం వస్తే ముందు వెళ్ళి ఆ మనిషినే అడుగు. జాగ్రత్తపడతాడని భయపడకు. జాగ్రత్తపడితే పడనీ.

టైల్స్ షాపు

స్టావ్రోస్ తన బావమరిది నడిపే టైల్స్ షాపులో పనిచేస్తున్నాడని తెలిసి వెళ్ళాను. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి మొహం వికసించింది. అది నేను తట్టుకోలేకపోయాను. కోప్పడతాడని కారులో దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను, నవ్వుతాడని అనుకోలేదు.

"విశా! వంటింటికి టైల్స్ కావాలా? నీకు మంచివి చూపిస్తాను, రా."

"టైల్స్‌కి రాలేదు. మీకొకటి చెప్పాలి."

నిలబడే అంతా చెప్పాను. పెట్టె, మూడు ముక్కలు, ఏడు అంకె, తాళాల వాక్యం, ఫిల్మ్ డబ్బా. ఏదీ దాచలేదు. ఆయన చేతిలో ఉన్న టైల్‌ని నెమ్మదిగా కౌంటర్ మీద పెట్టాడు.

"బడ్జెట్ అని కదా చెప్పారు?"

"అది అబద్ధం."

"నేను దొంగనని తీసేశారా?"

తల ఊపాను. నాలుగేళ్ళపాటు ఆయనకి తన మీద పడ్డ నింద ఏమిటో కూడా తెలియదు.

"హెరాల్డ్ ఆ మూడూ నా దగ్గరే తీసుకున్నాడు," అన్నాడు స్టావ్రోస్. "నీకు చెప్పొద్దు, పరీక్ష అని నవ్వాడు. సంతకం పెట్టందే ఇవ్వనన్నాను, పెట్టాడు. ఆ చీటీ స్టోర్‌రూమ్ చీటీల డబ్బాలోనే ఉంటుంది. నువ్వు చూళ్ళేదా?"

"చూళ్ళేదు. చీటీలు మీ దగ్గరుంటాయి కదా, నమ్మకూడదనుకున్నాను."

"హెరాల్డ్ పోయాడు కదా, ఇక ఆ మూడింటి సంగతి నీకు చెబుదామనే ఆఖరి రోజు కబురు పెట్టాను."

వెనక ఎవరో కస్టమర్ ఆయన్ని పిలిచారు. ఆయన కదల్లేదు. కోపంగా లేడు. నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు, కాస్త ముందుకి వంగి అడిగాడు.

"నాలుగేళ్ళు నా పక్కన కూర్చుని తిన్నావు కదా, విశా. ఆ మూడు రాళ్ళూ తీసుకెళ్ళి నేనేం చేసుకుంటాననుకున్నావు?"

ఆ ప్రశ్న నేను అంతకుముందు ఒక్కసారి కూడా వేసుకోలేదు. జవాబు కోసం ఆయన మొహంలోకి చూశాను. ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.